ముక్కు దాటని మందు

1819 మార్చి 16న లండన్ వైద్యుల సభలో జాన్ బోస్టాక్ అనే డాక్టరు ఒక రోగి కథ చదివి వినిపించారు. రోగికి 46 ఏళ్లు. పేరు ‘జె.బి.’ అని మాత్రమే చెప్పారు. ఏటా జూన్ వచ్చేసరికి అతని కళ్లు ఎర్రబడి మండుతాయి. తుమ్ములు తెరలు తెరలుగా వస్తాయి, ముక్కు ధార కడుతుంది, ఛాతీ బిగుసుకుపోయి ఊపిరాడదు. ఎనిమిదో ఏటి నుంచీ ఇదే వరస. వేసవి ముదిరాక అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, మళ్లీ ఏడాది దాకా ఏమీ ఉండదు. ఆ జె.బి. మరెవరో కాదు, బోస్టాకే.

ఆ రోజుల్లో ఉన్న వైద్యమంతా ఆయన తన ఒంటిమీదే చేసి చూసుకున్నారు. నెత్తురు తీయించుకున్నారు. విరేచనాల మందు మింగారు. పాదరసం, నల్లమందు, డిజిటాలిస్, చన్నీళ్ల స్నానం, పథ్యం, అన్నీ అయ్యాయి. ఒక్కటీ పనిచేయలేదు. సముద్రపు ఒడ్డునున్న రామ్స్‌గేట్‌లో వేసవి గడిపినప్పుడు మాత్రం కాస్త తెరిపిగా ఉండేది. తనలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమోనని తొమ్మిదేళ్లు వెతికి, 1828లో 28 మంది వివరాలతో రెండో వ్యాసం రాశారు. దానికి ‘వేసవి పడిశం’ అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. కోసి ఆరబెట్టిన గడ్డి వాసనకే ఇది వస్తుందని జనం ‘హే ఫీవర్’ అన్నారు. బోస్టాక్ మాత్రం గడ్డి సంగతి నమ్మలేదు. ఎండే కారణమని చివరిదాకా అనుకున్నారు.

జబ్బు మాత్రం ఆయన కంటే చాలా పాతది. టెహ్రాన్ పక్కనున్న రయ్ పట్టణంలో పుట్టిన అల్ రాజీ అనే వైద్యుడు దాదాపు 1100 ఏళ్ల కిందటే దీనిమీద చిన్న గ్రంథం రాశాడు. వసంతంలో గులాబీలు విచ్చుకునే వేళకు అబూ జైద్ బల్ఖీ అనే పండితుడికి ముక్కు ఎందుకు కారుతుందన్నది అందులోని విషయం. మన ఆయుర్వేదం దీన్ని ప్రతిశ్యాయం అంది. ఆ మాటే వాడుకలో అరిగి తెలుగువాళ్ల నోట పడిశమైంది. ‘పడిశం పది రోగాల పెట్టు’ అన్న సామెత పుట్టిన నేలలో దీన్ని చిన్న జబ్బుగా ఎవరూ చూడలేదు. ముక్కు ద్వారానే మందు వేయాలన్న ఆలోచన కూడా మనకు కొత్త కాదు. చరకుడు, సుశ్రుతుడు వివరించిన నస్యకర్మ అదే. తైలాన్ని చుక్కలు చుక్కలుగా ముక్కులో వేసే పద్ధతి ఆయుర్వేద వైద్యుల దగ్గర నేటికీ ఉంది.

అసలు దొంగను పట్టుకున్నది మాంచెస్టర్ డాక్టరు చార్ల్స్ బ్లాక్లీ. ఆయనా ఈ బాధ పడినవాడే. గాజు పలకలకు జిగురు పూసి గాలిలో పెట్టి, వాటిమీద వాలిన పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. నేలమీద లెక్క చాలక, ఆ పలకలను గాలిపటాలకు కట్టి వెయ్యి అడుగులకు పైన ఎగరేశారు. తన చేతిని గీరి, తడిపిన పుప్పొడి అద్ది, దద్దురు ఎంత లేస్తుందో చూశారు. ఇప్పుడు ఎలర్జీ క్లినిక్కుల్లో ముంజేతిమీద వరసగా చుక్కలు పెట్టి సూదితో గుచ్చి చేసే పరీక్షకు మూలం అదే. 1873లో ఆయన పుస్తకం వచ్చాక, కారణం ఎండా కాదు, గడ్డి వాసనా కాదు, గడ్డి పుప్పొడి అని తేలిపోయింది. 1906లో వియన్నా పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘ఎలర్జీ’ అన్న మాట పుట్టించారు.

తెలుగు నేలమీద ఈ కథకు వేరే పాత్రధారులున్నారు. 1950ల్లో పుణె దగ్గర కనబడి, అక్కడినుంచి దేశమంతా పాకిన వయ్యారిభామ మొక్క పుప్పొడి వాటిలో ఒకటి. ఇంకొకటి ఇంట్లోనే ఉంటుంది. 1960ల్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రజ్ఞులు ఇంటి ధూళిలో అసలు తప్పు మట్టిది కాదని, అందులో బతికే, కంటికి ఆనని పురుగులదని తేల్చారు. దూది పరుపులు, పాత బొంతలు, తడి ఆరని గదులు వాటికి పుట్టిళ్లు. మనవాళ్లు ‘డస్ట్ ఎలర్జీ’ అనేదీ, ‘నాకు సైనస్ ఉంది’ అంటూ చాలామంది చెప్పుకునేదీ ఎక్కువగా ఈ బాపతే. బోస్టాక్‌కు కొన్ని వారాల బాధ, వీళ్లకు ఏడాది పొడుగునా.

కారణం తెలిసినంత తొందరగా మందు దొరకలేదు. 1880ల్లో ముక్కులో కొకైన్ ద్రావణం వేశారు. కాసేపు ముక్కు తెరుచుకునేది, మనిషి మాత్రం దానికి బానిసయ్యేవాడు. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియొనార్డ్ నూన్ పుప్పొడి సారాన్నే కొంచెం కొంచెంగా ఇంజెక్షన్ ఇచ్చి ఒంటికి అలవాటు చేసే పద్ధతి మొదలుపెట్టారు. అది నేటికీ ఉన్న మంచి వైద్యమే. కానీ ఏళ్ల తరబడి సాగాలి. 1937లో పారిస్‌లో దానియెల్ బోవే తొలి యాంటీహిస్టమిన్ కనిపెట్టారు, అందుకు 1957లో నోబెల్ అందుకున్నారు. ఇంటింటా ఉండే సిట్రిజిన్ ఆ వంశంలోదే. దానితో తుమ్ములు, దురద, నీళ్లు కారడం తగ్గుతాయి. ముక్కు దిబ్బడ మాత్రం అంతగా తగ్గదు. హిస్టమిన్ ఒక్కటే దోషి అయితే అన్నీ తగ్గేవి. కానీ తొలి తుమ్ముల తరవాత గంటలు గడిచేకొద్దీ రక్తకణాలు దండుగా వచ్చి ముక్కు పొరలో తిష్ఠ వేస్తాయి, పొర ఉబ్బుతుంది. ఆ ఉబ్బును తీసే మందు అప్పటికింకా రాలేదు.

ఆ ఖాళీలోకి చొరబడినవి ముక్కు తెరిచే చుక్కలు. 1920ల్లో ఎఫిడ్రిన్ వచ్చింది. 1950ల చివరా 1960ల మొదట్లోనూ జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ వచ్చాయి. ఓట్రివిన్, నాసివియాన్ పేర్లతో మనకు తెలిసినవి ఇవే. ఉబ్బిన పొరలోని రక్తనాళాలను ఇవి బిగిస్తాయి. రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. జలుబు చేసిన నాలుగు రోజులు వాడుకుంటే మేలే. వారాల తరబడి వాడితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుంటుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. దిండు కింద సీసా లేనిదే నిద్రపట్టని స్థితికి వచ్చినవాళ్లు చెవి ముక్కు గొంతు డాక్టర్లకు రోజూ తగులుతారు. మందే తెచ్చిపెట్టిన ఈ ముక్కు జబ్బుకు వైద్యశాస్త్రంలో ప్రత్యేకంగా పేరే ఉంది.

ఆ ఉబ్బును నిజంగా తీయగలిగినది స్టెరాయిడ్. దాని కథ వేరే దారిన మొదలైంది. అమెరికాలో మేయో క్లినిక్ రసాయనవేత్త ఎడ్వర్డ్ కెండల్ 1930ల్లో ఎడ్రినల్ గ్రంథి నుంచి రకరకాల పదార్థాలు విడదీశారు. వాటిలో ‘కాంపౌండ్ ఇ’ అనుకున్నది తరవాత కార్టిజోన్ అయింది. మెర్క్ కంపెనీలో లూయిస్ సారెట్ దాన్ని ఎద్దుల పిత్తరసం నుంచి ముప్పైకి పైగా దశల్లో తయారుచేశారు. 1948 సెప్టెంబరులో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి డాక్టర్ ఫిలిప్ హెంచ్ దాన్ని ఇస్తే, రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో కెండల్, హెంచ్, స్విట్జర్లండ్ శాస్త్రజ్ఞుడు రైష్టైన్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

కార్టిజోన్ తొలి ఇంజెక్షన్‌కు నెల ముందే, 1948 ఆగస్టులో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలోనే 1956లో ట్రయామ్సినొలోన్ అనే కొత్త స్టెరాయిడ్ పుట్టింది. ఆ అణువు తయారీలో సుబ్బారావు చెయ్యి లేదు, ఆయన అప్పటికి లేరు. ఆయన నడిపిన సంస్థలో పుట్టిన ఆ మందే తరవాత నాసాకోర్ట్ పేరుతో ముక్కు స్ప్రే అయింది. 2013లో అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా కొనుక్కోగలిగిన తొలి స్టెరాయిడ్ ముక్కు స్ప్రే అదే. తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసిన ముచ్చట కనుక ఇక్కడ చెప్పడం.

కార్టిజోన్ వచ్చిన కొద్దికాలానికే ఎలర్జీ డాక్టర్ల చేతికీ చిక్కింది. బిళ్ల మింగితే ముక్కు దిబ్బడ కూడా మాయమైంది. బోస్టాక్ జీవితమంతా వెతికిన మందు దొరికినట్టే ఉంది. కానీ నెలలు గడిచేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది, బరువు పెరిగింది, ఎముకలు గుల్లబారాయి, షుగరు వచ్చింది, పిల్లలు ఎదగడం ఆగింది. ఎడ్రినల్ గ్రంథి తన పని తాను మర్చిపోయింది. ‘స్టెరాయిడా, అమ్మో!’ అన్న భయం అప్పుడు పుట్టింది. ఆ భయంలో తప్పేమీ లేదు. తుమ్ములు తగ్గించడానికి ఎముకలు అరగదీసుకునే మందు ఎవరికి కావాలి?

అయితే మందు ముక్కుకే ఇస్తే? అడగడం సులువే. 1958లో వచ్చిన డెక్సామెథసోన్‌ను 1960ల్లో గ్యాసుతో చిమ్మే డబ్బాలో పెట్టి ముక్కులోకి కొట్టి చూశారు. ముక్కు బాగుపడింది, కానీ పొరలోంచి, మింగినదాన్నుంచి మందు నేరుగా రక్తంలో కలిసింది. బిళ్ల మింగితే వచ్చిన తంటాలే స్ప్రేతోనూ వచ్చాయి. దారి మార్చితే చాలదని, అసలు మందే మారాలని అప్పటికి అర్థమైంది. తాకిన చోట బలంగా పనిచేయాలి, రక్తంలోకి జారితే వెంటనే చచ్చిపోవాలి. అలాంటి అణువు కావాలి.

ఆ అణువును వెతకడానికి పనికొచ్చిన పరీక్ష చర్మవ్యాధుల వైద్యం నుంచి వచ్చింది. స్టెరాయిడ్ అంటిన చోట చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుని అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ చిన్న సంగతినే కొలబద్దగా మార్చారు. ఒక్కో స్టెరాయిడ్‌నూ పలచగా, మరింత పలచగా కరిగించి ఆరోగ్యవంతుల ముంజేతులమీద చుక్కలుగా పెట్టారు. పైన పలచటి పొర కప్పి రాత్రంతా ఉంచారు. తెల్లారాక పొర తీసి ఎన్ని తెల్ల మచ్చలు పడ్డాయో లెక్కపెట్టారు. ఎంత పలచని చుక్కకు మచ్చ పడితే ఆ మందు అక్కడికక్కడ అంత బలమైనదన్నమాట. ఎలుకలూ కోతులూ అక్కర్లేదు, రక్తపరీక్షా లేదు, చూసే కన్ను ఉంటే చాలు. బ్రిటన్‌లోని గ్లాక్సో రసాయనవేత్తలు ఈ పద్ధతిలో పదుల కొద్దీ స్టెరాయిడ్లను జల్లెడ పట్టారు. మన ఇళ్లలో అందరికీ తెలిసిన బెట్నొవేట్ ఆ జల్లెడలోంచి వచ్చిందే. తెల్లబడతామని దాన్ని ముఖానికి రాసుకుని చర్మం పాడుచేసుకున్న ఆడపిల్లలు మన ఊళ్లలో తక్కువ కాదు. ఎగ్జిమాలాంటి చర్మవ్యాధులకు పుట్టిన మందును అందానికి వాడితే జరిగే నష్టమిది.

అదే జల్లెడలో తేలిన మరో అణువు బెక్లోమెథసోన్ డైప్రొపియొనేట్. ముందు చర్మానికి పూసే క్రీముగా అమ్మారు. దాన్ని ఊపిరితిత్తులకూ ముక్కుకూ మళ్లించిన వ్యక్తి డేవిడ్ జాక్. స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో బొగ్గుగని కార్మికుడి ఇంట పుట్టి, లండన్‌కు ఉత్తరాన వేర్ పట్టణంలోని గ్లాక్సో అనుబంధ సంస్థలో పరిశోధనలకు పెద్ద అయ్యారు. ఉబ్బసం ఉన్నవాళ్లు జేబులో పెట్టుకునే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కూడా ఆయన బృందానిదే. చర్మంమీద పనిచేసేది శ్వాసనాళంలో ఎందుకు పనిచేయదన్నది జాక్ వాదన. 1972లో డెర్బీ డాక్టరు మోరో బ్రౌన్ ఉబ్బసం రోగులకు ఇచ్చి చూపించారు, బిళ్లలు మానేయగలిగినవాళ్లున్నారు. మరుసటి ఏడాది, 1973లో, డెన్మార్క్ డాక్టరు నీల్స్ మిగింద్ హే ఫీవర్ ఉన్నవాళ్ల ముక్కులో దాన్ని కొట్టి, ఉత్తుత్తి స్ప్రేతో పోల్చి, ఫలితాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. ముక్కు తేలికపడింది, మిగతా ఒళ్లు చెక్కు చెదరలేదు. ఆ దశాబ్దంలోనే బెకొనేజ్ పేరుతో స్ప్రే మందుల షాపులకు వచ్చింది. బోస్టాక్ సభలో లేచి నిలబడిన రోజు నుంచి లెక్కేస్తే నూటయాభై ఏళ్లకు పైమాట.

ఈ మందు చుక్కల మందులా రెండు నిమిషాల్లో పనిచేయదు. స్టెరాయిడ్ కణం లోపలికి వెళ్లి, అక్కడి గ్రాహకాన్ని పట్టుకుని, కేంద్రకంలోకి చేరి, వాపు పుట్టించే జన్యువుల నోరు మూయిస్తుంది. గుణం తెలియడానికి పూట పడుతుంది, పూర్తిగా కనబడడానికి రోజులు, ఒక్కోసారి వారం రెండు వారాలు. రెండు రోజులు కొట్టి ‘ఏం లాభం లేదు’ అని సీసా అటక మీద పెట్టేసినవాళ్లు మందుకు అవకాశమే ఇవ్వనట్టు. 1998లో ఆస్ట్రేలియా వైద్యులు 16 పరిశోధనలనూ, వాటిలో పాల్గొన్న 2,267 మందినీ కలిపి లెక్కకట్టి చూస్తే, ముక్కు దిబ్బడ, తుమ్ములు, కారడం అన్నిటిలోనూ యాంటీహిస్టమిన్ బిళ్లల కంటే ఈ స్ప్రేలే మెరుగని తేలింది.

బెక్లోమెథసోన్‌కు లోపం లేకపోలేదు. ముక్కులో కొట్టిన మందులో చాలా భాగం నెమ్మదిగా గొంతులోకి జారి కడుపులో పడుతుంది. అక్కడినుంచి రక్తంలో చేరే దాని చురుకైన రూపం 40 శాతానికి పైగా ఉంటుంది. 2000లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు వందమందిని ఏడాదిపాటు గమనించారు. ఉత్తుత్తి స్ప్రే వాడినవాళ్లు 5.9 సెంటీమీటర్లు ఎదిగితే, రోజూ రెండుపూటలా బెక్లోమెథసోన్ వాడినవాళ్లు 5 సెంటీమీటర్లే ఎదిగారు. సెంటీమీటరు కూడా లేని తేడా. కానీ బిడ్డ ఎదుగుదలను గోడమీద గీతలు గీసి చూసుకునే తల్లిదండ్రులకు అది చిన్న తేడా కాదు.

అందుకే తరవాతి తరం మందుల వెతుకులాటంతా మింగిన భాగం చుట్టూ తిరిగింది. గ్లాక్సోలో గోర్డన్ ఫిలిప్స్ బృందం ఫ్లూటికాసోన్ అణువును, కాలేయం ఒక్క దెబ్బతో విరగ్గొట్టగలిగేలా మలిచింది. 1990ల్లో అది స్ప్రేగా వచ్చింది. కడుపులోంచి కాలేయానికి చేరగానే పనికిరానిదైపోతుంది, ఒంట్లో కలిసేది 2 శాతం లోపే. రోజు మోతాదు 200 మైక్రోగ్రాములు. అందులో 2 శాతమంటే 4 మైక్రోగ్రాములు. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ బిళ్ల ఒక్కదానిలో 5,000 మైక్రోగ్రాములు ఉంటాయి. ఫ్లూటికాసోన్ గ్రాముకు గ్రాము ఎన్నో రెట్లు బలమైనది కనుక ఈ రెండు అంకెలనూ తూకం వేసినట్టు పోల్చకూడదు. అయినా బిళ్ల భయాన్ని స్ప్రేకి అంటగట్టడం ఎంత అన్యాయమో అర్థమవుతుంది. 1997లో మోమెటసోన్, 2007లో ఫ్లూటికాసోన్ ఫ్యూరొయేట్ వచ్చాయి. ఒంట్లో కలిసే భాగం వీటిలో ఇంకా తక్కువ, అర శాతం దగ్గర. మోమెటసోన్‌తో పిల్లలమీద అదే తీరున ఏడాది పరిశోధన చేస్తే ఎదుగుదల తగ్గలేదు. చిన్నపిల్లలకు డాక్టర్లు దానివైపు మొగ్గడానికి కారణం అది. గర్భిణులకు మాత్రం ఎక్కువ కాలం వాడిన అనుభవం ఉందని, స్వీడన్‌లోని లుండ్‌లో పుట్టిన బుడెసొనైడ్‌నే ఎంచుకోవడం చాలాకాలంగా డాక్టర్లకు అలవాటు.

కాలేయం విరగ్గొట్టడమే రక్ష అయితే, ఆ పని ఆగిపోయినప్పుడు? హెచ్ఐవీకి వాడే రిటోనవిర్ అనే మందు కాలేయంలో ఆ పని చేసే ఎంజైమునే కట్టేస్తుంది. అది వాడుతున్నవాళ్లు ఫ్లూటికాసోన్ స్ప్రే కొట్టుకుంటే మందు ఒంట్లో పేరుకుని, బిళ్లలు మింగినట్టే ముఖం ఉబ్బిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలో హెచ్ఐవీ బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. హెచ్ఐవీకి ఏఆర్టీ మందులు వాడేవాళ్లు ముక్కు డాక్టరు దగ్గర ఆ మాట దాచకుండా చెప్పాలి. మొహమాటపడితే నష్టం వాళ్లకే.

సీసా రూపమూ మారుతూ వచ్చింది. తొలి స్ప్రేలు గ్యాసు నింపిన డబ్బాలు. నొక్కితే చల్లటి గాలి ముక్కులో చురుక్కుమనేది. ఓజోన్ పొరకు చిల్లుపెట్టే ఇలాంటి గ్యాసులను ఆపాలని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాక, నీటిలో కలిపిన మందును చేతి పంపుతో తుంపరగా చిమ్మే సీసాలు ఆ చోటు పూర్తిగా ఆక్రమించాయి. ఫ్లూటికాసోన్ ప్రొపియొనేట్ స్ప్రే నొక్కగానే గులాబీ వాసన తగులుతుంది. అందులో పాడవకుండా కలిపే ఫినైల్‌ఇథైల్ ఆల్కహాల్ వాసన అది. గులాబీ పువ్వులోనూ ఉండే పదార్థమే. కొందరికి ఇష్టం, కొందరికి గొంతులో దిగే ఆ వాసనా రుచీ పడవు. పడనివాళ్లకు వాసనలేని స్ప్రేలున్నాయి. మందు మానేయడం కంటే సీసా మార్చుకోవడం నయం. ముంబై సిప్లా కంపెనీ ఫ్లూటికాసోన్‌కు ఎజిలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ కలిపి, రెండూ ఒకే సీసాలో డ్యూయోనేస్ పేరుతో అమ్మింది. అమెరికాలో ఆ జోడీకి డైమిస్టా పేరుతో 2012లో అనుమతి వచ్చింది. అప్పటికే అది మన మందుల షాపుల్లో ఉంది. ఒక్క మందుతో లొంగని తుమ్ములకు డాక్టర్లు రాసేది ఈ జోడీనే.

ఇన్ని దశాబ్దాల తెలివి నిండిన సీసాను చాలామంది తప్పుగా వాడుతున్నారు. తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్య గోడకేసి గట్టిగా కొట్టి, బుస్సున లోపలికి పీలుస్తారు. మందు గొంతులో పడుతుంది, మధ్య గోడ ఎండి నెత్తురు చుక్క కనిపిస్తుంది, ‘స్టెరాయిడ్ పడలేదు’ అని మానేస్తారు. చేయవలసింది ఇంతే. ముందు ముక్కు చీదుకోవాలి, సీసా కుదపాలి. తల కొంచెం ముందుకు వంచాలి. కుడిచేత్తో సీసా పట్టుకుని ఎడమ ముక్కులో, ఎడమచేత్తో పట్టుకుని కుడి ముక్కులో కొట్టాలి. చేతులు అలా మార్చుకుంటే మొన దానంతటదే కంటి బయటి కొసవైపు, అంటే ఉబ్బిన పొర ఉన్న పక్కగోడవైపు తిరుగుతుంది. నొక్కుతూ పువ్వును వాసన చూసినంత మెల్లగా పీల్చాలి.

120 స్ప్రేల సీసా, రోజుకు ఒక్కో ముక్కులో రెండేసి చొప్పున, సరిగ్గా 30 రోజులు వస్తుంది. తరవాత కూడా అడుగున ద్రవం కదులుతూ కనిపిస్తుంది కానీ ప్రతి నొక్కుకూ సరిపడా మందు పడుతుందన్న హామీ ఉండదు. తెరిచిన తేదీని పెన్నుతో సీసామీదే రాసుకుంటే లెక్క తప్పదు.